మాచర్లలో నాలుగు ఆంపియర్లు

పోయిన మంగళవారం మాచర్ల నుంచి ఫోను. మా వైండింగ్ మామ పోయాడని ఆయన కూతురు చెప్పింది. కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టి బతికిన మనిషి. మా ఇంటి ఎదురుగానే షాపు. ఆయన ముస్లిం, మేం కాదు; వరసకు మాత్రం మామే. మర్నాడు పేపరంతా వెతికాను. ఎవరో పెద్దమనిషి తండ్రి వర్ధంతికి అరపేజీ ఉంది, మామకు ఒక్క అక్షరం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఏడుస్తూ మాత్రం కాదు. ఎనభై ఏళ్ళు నిండుగా బతికి, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, అట్లాగే వెళ్ళిపోయాడు. అంతకంటే ఏం కావాలి? నా పేచీ వేరే. నాకు చదువు చెప్పిన మనిషిని 'మెకానిక్' అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తే నేను ఊరుకోను.

ఎనభైల నాటి సంగతి. పదో తరగతి సైన్సులో తప్పాను. మళ్ళీ రాసే పరీక్షలో కూడా తప్పితే ఇక మిరపకోతలకే అని నాన్న తేల్చేశాడు. దాంతో అరుగు మీద కూర్చుని పొద్దస్తమానం బట్టీ పట్టేదాన్ని. వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు, వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు. ఒకరోజు మామ షాపులోంచి తల బయటపెట్టాడు.

"ఏందే ఆ మంత్రం? ఏ దయ్యాన్ని పట్టుకుందామని?"

దయ్యం కాదు మామా, కరెంటు లెక్క అన్నాను. అయితే అక్కడేం పని, ఇటు రమ్మన్నాడు.

నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా లెక్కకు ఆయనదొక పద్ధతి ఉంది. అచ్చులో ఉన్న అంకెను నమ్మడు. పుస్తకంలో రెండువందల ఇరవై వోల్టులు. మా వీధి కరెంటు లైనుకు చిట్టచివర. మీటరు తీగలు ప్లగ్గులో పెడితే ముల్లు నూట డెబ్భై ఆరు దగ్గర ఆగేది.

"ఆ రెండొందల ఇరవై పుస్తకం రాసినోళ్ళ ఇంట్లో వస్తదేమో. మనం మనకొచ్చేదాంతో చేద్దాం."

షాపులో ఉన్న ఇస్త్రీపెట్టె నిరోధం కొలిస్తే నలభై నాలుగు ఓములు. నూట డెబ్భై ఆరును దాంతో భాగిస్తే నాలుగు ఆంపియర్లు. అప్పుడు ఆంపియర్లు చూపే రెండో మీటరు తగిలించి చూపించాడు. నాలుగే. కాగితం మీద చేసిన లెక్క కళ్ళ ముందు నిజం కావడం నేను చూడటం అదే మొదలు. బళ్ళో పదేళ్ళు కూర్చున్నా దొరకనిది వార్నిష్ వాసన కొట్టే ఆ షాపులో దొరికింది. కాదనేవాళ్ళుంటే రండి, వాదిద్దాం.

తప్పు చేస్తే మామ కసిరేవాడు కాదు. "కొలిచావా?" అనేవాడు, అంతే. టీ తాగడానికొచ్చి ఫలానా నాయకుడు ఊరిని ఉద్ధరించాడని ఎవరైనా చెప్పినా అదే ప్రశ్న. ఇవాళ నేను ఎవరితో పోట్లాడినా ముందు అడిగేది అదే. నా ప్రత్యర్థులు చానామంది ఆయనకు తెలియకుండానే ఆయన చేతిలో దెబ్బతిన్నారు.

పరీక్షలో ఆ ఇస్త్రీపెట్టె లెక్కే వచ్చింది. రెండువందల ఇరవై అని స్పష్టంగా ఉంది. జవాబు అయిదు ఆంపియర్లు. నా చెయ్యి మాత్రం అలవాటుగా నూట డెబ్భై ఆరు వేసి, నాలుగు రాసింది. గేటు దాటాక గాని తెలియలేదు. వెళ్ళి మామకు చెప్పాను. చేతిలో చుడుతున్న తీగ కింద పెట్టేశాడు. ఆ రోజు మళ్ళీ ముట్టుకోలేదు.

తెల్లారి షాపు తియ్యకుండా నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చి, సైన్సు మాస్టారి ముందు నిలబడ్డాడు.

"తప్పు పిల్లది కాదు సార్. నేనే అట్టా నేర్పా. ఏదన్నా కాగితం రాసి పంపండి, కింద సంతకం నేను పెడతా."

మాస్టారు నవ్వారు. పేపర్లు ఎక్కడికో వెళ్ళిపోయాయని, పద్ధతి సరిగ్గా ఉంటే దానికి కొన్ని మార్కులు వేస్తారని చెప్పారు. అంత తక్కువ వోల్టేజీ ఉండదు, నీ మీటరు చూపించుకో అని కూడా అన్నారు. పక్కనున్న కుర్చీ మాత్రం చూపించలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మామకైతే అసలు రానేలేదు. మంచోడే, నవ్వాడు గాని కసరలేదుగా, అన్నాడు దారిలో. ఈ ఒక్క విషయంలో ఆయన మాట నేను ఎన్నడూ ఒప్పుకోలేదు.

ముప్పై తొమ్మిది మార్కులతో గట్టెక్కాను. నాన్న కోతల మాట ఎత్తలేదు. మామ మూడు రోజులపాటు, మోటారు తెచ్చిన ప్రతి రైతుకూ ఆ ముప్పై తొమ్మిది సంగతి చెప్పాడు.

ఆ వారంలోనే మాస్టారు సైకిలేసుకుని షాపుకు వచ్చారు. బడి నుంచి సొంత మీటరు తెచ్చుకుని, తానే ప్లగ్గులో పెట్టి చూశారు. ముల్లు అదే నూట డెబ్భై ఆరు దగ్గర ఆగింది. మళ్ళీ చూశారు. చివరికి, "శనివారం మా పదో తరగతికి ఈ పాఠం మీరు చెప్పాలి," అన్నారు. 'మీరు' అన్నారు. నేను విన్నాను.

శనివారం మామ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, తరగతి గడప బయట చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. ప్లగ్గు దాకా వెళ్ళి ఆగిపోయాడు. కరెంటు పని చెప్పుల్లేకుండా చెయ్యకూడదు, మొదటి పాఠం ఇదే అని పిల్లలకు చెప్పి, వెనక్కి వెళ్ళి తొడుక్కొచ్చాడు. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. చివరి బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్న సైన్సు మాస్టారు కొత్త పేజీ తిప్పి, కలం మూత తీశారు.