జొన్నల కుండలో ఫోను

దయ్యాలంటే నాకు ఏనాడూ భయం లేదు, నమ్మకమూ లేదు. మా చేను సమాధుల దొడ్డికి ఆనుకునే ఉంది. నిండు చూలాలిగా కూడా అక్కడ ఒంటరిగా కలుపు తీసినదాన్ని. నా చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, ఎవరు ఏ రోజు ఏ మాట అన్నారో నాకు మరుపు రాదు. అందుకే విన్నది విన్నట్టు చెబుతాను.

కర్నూలు మునిగిన వరదకు ముందటి ఏడు సంగతి ఇది. మాది కోడుమూరు దగ్గర పల్లె. నా చెల్లెలు సుగుణ రెండిళ్ల అవతలే ఉండేది. ఆమె భర్త దావీదు మంగంపేట ముగ్గురాయి గనుల్లో లారీ నడిపేవాడు. పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ కొట్టేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో ఒకరోజు ఇంటి లోపల గడియ వేసుకుని, లారీ టైర్లు ఊడదీసే ఇనుప కడ్డీతో కొట్టాడు. నేను బయట నిలబడి తలుపు బాదుతూ లోపలి మాటలన్నీ విన్నాను. సుగుణ ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేదు.

ఆ ఏడాది క్రిస్మసుకు వాడు ఆమెకు ఖరీదైన ఫోను తెచ్చి ఇచ్చాడు. "ఎప్పుడూ ఒంటిమీదే పెట్టుకో" అన్నాడు. వాడు మారాడనుకుని మేమంతా మురిసిపోయాం. సుగుణ దాన్ని రవికలో పెట్టుకుని తిరిగేది.

అప్పటినుంచి మా మాటలన్నీ వాడికి తెలిసిపోసాగాయి. బావిగట్టున మేమిద్దరమే ఉన్నప్పుడు సుగుణ "ఆయప్ప చేతులు పడిపోను" అంది. ఆ శనివారం వాడు ఆ మాట అప్పజెప్పి మరీ కొట్టాడు. మరునాడు సుగుణ నా ముందు అరచెయ్యి తెరిచింది. అందులో ఆమె పన్ను ఉంది.

"నువ్వు గాక ఎవరు చెప్తారక్కా?" అంది.

మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

కొన్నాళ్లకు సుగుణ తలుపేసుకుని, మోకాళ్లూని ప్రార్థన చేసుకుంది. వాణ్ణి విడిచిపోయే ధైర్యం ఇమ్మని దేవుణ్ణి అడిగింది. చుట్టుపక్కల పిల్లి కూడా లేదు. వాడు ఊళ్లోకి వచ్చీరాగానే ఆమె జుట్టు పట్టి తలను గోడకేసి బాదాడు.

"దేవునికి నా మీద చాడీలు చెప్తాండావా?"

నేను పరుగున పోయేసరికి గోడ సున్నం మీద నెత్తురు, నెత్తురుకు అంటుకున్న వెంట్రుకలు. ఆ రోజుతో నా మీద అనుమానం పోయింది. దాంతో పాటే ఆమె ప్రార్థన కూడా మానేసింది.

"దేవుడే ఆయప్పకు చెప్తాండాడక్కా" అంది.

నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. ఏ ఫోనైనా మోగే ముందు పక్కనున్న రేడియో గరగరమంటుంది. సుగుణ ఇంట్లో రేడియో గరగరమనేది, ఫోను మాత్రం మోగేది కాదు. ఊరికే పడి ఉన్నా ఫోను కాలిపోతూ ఉండేది. దాన్ని తువ్వాలులో చుట్టి, ఇద్దరం నోరు మెదపకుండా కోడుమూరులో ఫోన్లు బాగుచేసే మస్తాను దగ్గరికి పట్టుకుపోయాం.

అతను చాలాసేపు కెలికి, బ్యాటరీ ఊడదీశాకే మాట్లాడాడు.

"అక్కా, దీంట్లో దొంగ చెవి పెట్టినారు. పట్నాల్లో దుడ్లకు అమ్ముతారు. ఆయన ఆడ్నుంచి ఫోను చేస్తే ఇది మోగదు, వెలగదు. గమ్మున ఎత్తుకుంటాది. ఈడ మాట్లాడేదంతా ఆయనకు ఇనపడతాది."

"తీసెయ్యప్పా" అన్నాను.

"తీసేస్తే కనిపెడతాడు. బ్యాటరీ పెట్టొద్దండి. అది లేకుంటే ఉత్త డబ్బా."

సుగుణ ఏడవలేదు. "అయితే దేవుడు కాదు" అంది, అంతే.

మరునాడు మధ్యాహ్నం బస్సుకు ఎమ్మిగనూరులోని మా పిన్నమ్మ ఇంటికి ఆమెను చేర్చాలనుకున్నాం. ఫోను ఎందుకు పలకలేదని వాడొస్తే ఈసారి ప్రాణం మిగలదని ఇద్దరికీ తెలుసు. ఫోనును ఆమె ఇంట్లో జొన్నల కుండ అడుగున పూడ్చాం. బ్యాటరీని మా ఇంట్లో కారంపొడి డబ్బాలో నేనే దాచాను.

మరునాడు బస్సుకు ఇంకా గంట ఉంది. సుగుణ చీరలు మూట కడుతోంది. ఒక్క తన్నుకు తలుపు ఊడి పడింది. దావీదు! ఒక చేతిలో ఆ ఇనుప కడ్డీ, ఇంకో చేత్తో చెవికి ఫోను. పెళ్లాం వైపు చూడనైనా చూడలేదు. మంచం తిరగేశాడు, అటక వెతికాడు, బానలు పగలగొట్టాడు. అడ్డం పోయిన నన్ను తోస్తే పొయ్యిరాయికి తగిలి దవడ చీలింది.

"యాడుండాడు వాడు?"

"ఎవడప్పా?"

"దీన్ని కొడతాండాడే, వాడు! నిన్నంతా ఫోను ఎత్తకపాయె. పొద్దున నేను కర్నూలు బస్టాండులో ఉండి చేస్తే ఎత్తుకునింది. అప్పట్నించి ఇంటాండా. సంపుతాండాడు దీన్ని!"

ఆ ఫోను నా చెవికి అదిమాడు. విన్నాను.

"వద్దప్పా, సాలు, కాళ్లు మొక్కుతా." సుగుణ గొంతు. ఎముక మీద ఇనుము పడిన చప్పుడు. "చెయ్యి అడ్డం తియ్" అని మగ గొంతు. మళ్లీ చప్పుడు. సుగుణ నా ఎదురుగానే గోడను కరుచుకుని ఉంది. ఆమె పెదవి కదలడం లేదు. అవి ఆ ఎండాకాలం నాటి మాటలు, ఒక్కటీ తేడా లేదు. అప్పటికి ఆ ఫోను మా ఇళ్లకు రానే లేదు.

"ఎవడు వాడు? చెప్పు వదినా!"

"నువ్వేనప్పా" అన్నాను.

వాడు మళ్లీ ఫోను చెవికి పెట్టుకున్నాడు. కాసేపు విన్నాడు. కడ్డీ చేతిలోంచి జారిపోయింది. విరిగిన తలుపు మీద నడుచుకుంటూ, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే వెళ్లిపోయాడు.

జొన్నల కుండ బోర్లించాం. ఫోను వెనక గూడు ఖాళీ. జొన్నలు చల్లగా ఉన్నాయి, ఫోను మాత్రం కాలుతోంది. నెత్తురు కారే దవడతోనే ఇంటికి పోయి చూశాను. బ్యాటరీ కారంలోనే ఉంది.

ఆ బస్సు అందుకున్నాం. సుగుణ ఎమ్మిగనూరులోనే ఆయాగా పనిచేస్తూ బతుకుతోంది. వాడు మళ్లీ రాలేదు. ఎండల్లో కూడా చెవులకు గుడ్డ చుట్టుకుని లారీ నడుపుతాడని మంగంపేట నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. మస్తానును అడిగితే, "కొనకముందటి మాట ఎట్ల ఇనిపిస్తాదక్కా?" అని నన్నే అడిగాడు.

సుగుణ మళ్లీ ప్రార్థన చేసుకుంటోంది. ఆమెకు నేనొక్క సంగతి చెప్పలేదు. ఆ ఫోనులో నా గొంతు కూడా విన్నాను. "తలుపు తియ్యప్పా" అని బాదుతున్నాను. ఆ రోజు నేనున్నది బయట. ఫోనులో మాత్రం నా గొంతు తలుపు అవతలి నుంచి వచ్చింది. ఆ మాటలు విని దాచిపెట్టింది ఎవరో గానీ, ఆ రోజు గడియ వేసిన గదిలో వాళ్లిద్దరి పక్కనే ఉండి విన్నారు. ఎవరన్నది నాకు ఇప్పటికీ తెలియదు.