మోకాలెత్తు పరదా

కోరుట్లలో మా ఇల్లంటే ఒక్కటే అర్ర. పొయ్యి ఆర్పి అలికితే అమ్మ బీడీలు చుట్టే చోటు, చాప పరిస్తే పడక, చుట్టాలొస్తే అదే చాప మీద ఉతికిన దుప్పటి వేస్తే మర్యాద. అంత చిన్న చోటును రోజుకు అన్నిసార్లు మార్చిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. బాపు సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసి, వారానికోసారి వచ్చేవాడు. కాలు చాపుకోవడానికి మూడు మూటలు జరపాల్సి వస్తే "ఇల్లు ఇరకటం..." అని ఎత్తుకునేవాడు. ఆ సామెత రెండో సగంలో పెళ్లాం కోతి అవుతుంది కనుక, అమ్మ చూపు చూసి అక్కడే ఆపేసేవాడు.

నేను పదో తరగతికొచ్చిన ఏడు అమ్మ తన పాత నీలం చీరను ఒక మూలకు పరదా కట్టింది. లోపల రేకు పెట్టె, దాని మీద నా పుస్తకాలు, గోడకు క్యాలెండరులోంచి కత్తిరించిన గులాబీలు. అంతకుముందు ఏడు బీడీల ముచ్చట్ల మధ్య చదివి లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఈసారి తప్పితే నేనూ బీడీల చేట ఒళ్లో పెట్టుకోవాల్సిందే. ఆ మూల మీద నాకు ప్రాణం.

అవి నక్సలైటు అన్నలను వెతుక్కుంటూ పోలీసులు ఇల్లిల్లూ సోదా చేసే రోజులు. ఆ వారం వచ్చిన బాపు పరదా చూసి బెదిరిపోయాడు. వెనక ఎవరినో దాచామనుకుంటారని, వెంటనే తీసెయ్యమన్నాడు. అమ్మ కాసేపు ఆలోచించి, బీడీ ఆకు కత్తెరతో చీరను కింది నుంచి మోకాలెత్తు వరకు కత్తిరించేసింది. గుమ్మంలో నిలబడ్డవాళ్లకు లోపలివాళ్ల కాళ్లు కనబడాలట. మిగిలిన ముక్కను పెట్టె మీద పరిచి, టేబులు క్లాతు అంది. అంత భయంలోనూ అందం మరవలేదు మా అమ్మ. బాపుకు మాత్రం ధైర్యం చాలలేదు. పొద్దున లేచి తనే ఊడదీస్తానన్నాడు.

పొద్దున్నే ఇద్దరు పోలీసులు వచ్చారు. మూటలు విప్పారు, చేట బోర్లించారు. ఒకాయన పరదా కింద నా కాళ్లు చూసి, తుపాకీ ఎత్తి, బయటికి రమ్మన్నాడు. బాపు గోడకు అతుక్కుపోయాడు. అమ్మ చెల్లాచెదురైన ఆకుల మీంచి దాటి వచ్చి, పరదా తనే పక్కకు తీసింది.

"గిది మా బిడ్డ రూము సారూ. పరీక్షలున్నయ్, సదువుకుంటాంది."

మా ఇంట్లో రూము అన్న మాట వినడం నాకదే మొదలు. ఆయన నీలం గుడ్డ పరిచిన పెట్టెను, గులాబీలను, నన్ను చూశాడు. ఏమనుకున్నాడో, తుపాకీ దించాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

జీపు చప్పుడు పోయాక బాపు సుత్తి తీసుకుని పరదా దగ్గరికి నడిచాడు. ఇక నా మూల పోయినట్టేనని ఏడుపొచ్చింది. ఆయన వదులైన మేకును గోడలోకి గట్టిగా దిగ్గొట్టి, వంకరపోయిన చీరను రెండు చేతులా సర్దాడు. తర్వాత వంగి లోపలికి చూశాడు.

"నీ రూముల గాలాడ్తలేదు బిడ్డా. మల్లచ్చేటప్పుడు చిన్న కిటికి తెస్త."