మా అత్త తీసిన దిష్టి

సత్యవేడు దగ్గర మాది అరటితోట. ఏళ్లుగా యూరియా ఒక్కటే వేయడంతో నేలలో పొటాష్ తగ్గిపోయి, ఆకుల అంచులు మాడిపోతున్నాయి. మా అత్తది మాత్రం ఒకటే మాట: "తోటకు దిష్టి తగిలుండాది!"

పోట్లాడి పోట్లాడి ఒక బస్తా పొటాష్ తెప్పించాను. తెల్లారి తోటకు వెళ్లి తల పట్టుకున్నాను. ఎర్రటి ఉప్పులా ఉన్న ఆ పొటాష్‌ను గుప్పెళ్లతో తీసి, ప్రతి చెట్టుకూ దిష్టి తిప్పి మొదట్లో పోస్తోంది అత్త!

"అయ్యో, అది ఎరువు అత్తా!"

"గమ్మునుండు మే! ఈ ఎర్రుప్పుకే దిష్టి పోతాది."

ఎలాగూ మొదట్లోనే పడుతోంది కదా అని ఊరుకున్నాను. అదే నా పొరపాటు. కొత్త ఆకులు నిగనిగలాడుతూ వచ్చాయి. ఇప్పుడు ఊళ్లో ఎవరి తోట మాడినా మా అత్తకే కబురు. ఆమె వెనక పొటాష్ బుట్ట మోసేది నేను!