సబ్బు నురగ వచ్చిన రోజు

చోటే మియాను మా బస్తీ అంతా దొంగ అన్న రోజున నేనూ ఆ గుంపులో ఉన్నాను. నేనూ ఒక మాట అన్నాను. అది ఇక్కడ రాయను, రాయదగ్గ మాట కాదు.

నల్లగొండలో మా బస్తీని ఆనుకునే కాంట్రాక్టరు మల్లికార్జున్ గారి పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో, నాలుగు గోడల మధ్య, పైకప్పు కింద స్విమ్మింగ్ పూల్ ఉంది. కట్టి పాతికేళ్లు దాటింది. మోకాళ్లు పట్టేసిన భార్య కోసం కట్టించారాయన. ఆమె పోయాక కూడా దాన్ని ఎండనివ్వలేదు. ఇరవై ఏళ్లు దాన్ని చూసుకున్నది చోటే మియానే.

పొద్దున్నే పోయి ముందు కిటికీలన్నీ తెరిచేవాడు. మూసిన గదిలో నీళ్లు ఘాటుగా వాసన కొడితే క్లోరిన్ ఎక్కువైందంటారు జనం. కాదు, క్లోరిన్ చాలక మురికి మిగిలిపోయిందని మియా వాదించేవాడు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, నాలుగు చుక్కల మందు వేసి, పసుపు రంగు ఎంత తేలిందో వెలుతురుకు పెట్టి చూశాకే క్లోరిన్ డబ్బా మూత తీసేవాడు. అసలు తిప్పలు బోరు నీళ్లతో. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, పళ్లకు గార పట్టించి ఎముకలు వంచిన నీళ్లు. నీలం టైల్స్ మీద తెల్లగా సున్నం పొర కట్టేది. వారానికోసారి గొంతుక్కూర్చుని రాయితో రుద్దేవాడు. పైగా పాత పూల్, ఎక్కడో సన్నగా పగిలి కారేది. రోజూ రెండు వేళ్ల మందం నీళ్లు తగ్గితే మళ్లీ బోరే నింపాలి.

చుట్టాలొస్తే మల్లికార్జున్ గారు మియా భుజం మీద చెయ్యేసి "మా నీళ్ల డాక్టర్" అని చూపించేవారు. మియా పొంగిపోయి ఆ మాట ఇంటికొచ్చి భార్య బషీరున్నీసాకు చెప్పేవాడు, మాకూ చెప్పేవాడు. డాక్టర్ సాబ్, జర మా బిందెకు గూడ సూది వెయ్యమని మేం ఆటపట్టించేవాళ్లం.

నాలుగేళ్ల కిందటి ఎండాకాలం బోర్లు అడుగంటాయి. మా బస్తీకి రోజు విడిచి రోజు వచ్చే కృష్ణా నీళ్లు సన్నబడి, చివరికి నల్లాలు గాలి కక్కాయి. ఆ రోజుల్లోనే మియాకు టైల్స్ మీద సున్నం కట్టడం లేదని తోచింది. తన పనితనమే అనుకుని సంబరపడ్డాడు. ఒకరోజు పూల్ నింపే పైపు కింద చేతులు కడుక్కుంటే సబ్బు ఇట్టే నురగ వచ్చింది. బోరు నీళ్లకు సబ్బు విరుగుతుంది తప్ప నురగ రాదు, అది వచ్చేది నల్లా నీళ్లకే. మియా ఆ చేతులు తుడుచుకోకుండానే ఫిల్టరు గది వెనక్కి పోయాడు. అక్కడ మట్టి కొత్తగా కప్పి ఉంది. తవ్వితే పైపు, దానికి మోటరు. మా బస్తీ నల్లా లైను నుంచి గుంజుతోంది.

నేరుగా పోయి సార్‌నే అడిగాడు. ఆయన దాచలేదు. పూల్ ఎండితే పగుళ్లు పెరిగి మొత్తం పోతుందని, పోయిన మనిషి గుర్తు అదొక్కటేనని, వాన పడగానే మోటరు తీసేస్తానని చెప్పి మియా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు నోరిప్పకు మియా. ఏదన్నయితే నేనున్న గద."

మియా నమ్మాడు. ఎందుకు నమ్మావని తర్వాత నేను కోప్పడ్డాను. ఇరవై ఏళ్లు ఉప్పు తిన్న ఇంటి మనిషిని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మాలన్నాడు.

పది రోజులకు మున్సిపాలిటీ వాళ్లు లైను వెంట తవ్వుకుంటూ వచ్చి మోటరు పట్టుకున్నారు. వెనకే ఖాళీ బిందెలతో మేమంతా. గేటు దగ్గర మల్లికార్జున్ గారు, పక్కన మియా. ఇదెవరి పని అని మున్సిపాలిటీ వాళ్లు అడిగారు.

"నీళ్ల సంగతంత గీయనకే ఎరుక. ఏం జేసిండో నాకేం తెలుసు? ఆయన్నే అడుగున్రి" అన్నారు పెద్దమనిషి, మియా వైపు చూడకుండా.

మియా ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఇంకో మాట వస్తుందని, నేనే పెట్టించానంటారని చూశాడట. ఆయన లోపలికి పోయి గేటు వేయించుకున్నారు. నేను కాదని మియా అంటే, పోనీ నీకు ఎరుక లేదా అని మా బస్తీ గుర్వమ్మ నిలదీసింది. మియా తల దించుకున్నాడు. మాకు అదే సాక్ష్యమైంది.

మర్నాడు పనిలోకి రావద్దని డ్రైవరుతో కబురొచ్చింది. ఇరవై ఏళ్ల మనిషికి ఎదురుపడి ఆ ఒక్క ముక్క చెప్పడానికి కూడా ఆయనకు మొహం చెల్లలేదు. ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి పోతే నాకు ఒళ్లు మండుతుంది.

రెండు నెలల తర్వాత మోటరు బిగించినవాడే అసలు సంగతి బయటపెట్టాడు. అప్పుడు సిగ్గుపడుతూ మియా ఇంటికి పోయి కూర్చున్నాను. మా మీద అతనికి కోపం లేదు. సార్ మీది కోపం కూడా చల్లారిపోయింది. మనసులో ఇరుక్కుపోయింది ఇంకొకటి.

గొడవ జరిగిన రోజున బషీరున్నీసా, దొంగ అన్న ప్రతివాళ్లతోనూ గల్లీలో నిలబడి కొట్లాడింది. సాయంత్రం భర్తకు రొట్టెలు పెట్టి ఎదురుగా కూర్చుని, ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. పది రోజులన్నాడు. ఆ పది రోజులూ ఆమె వంగని మోకాళ్లతో గుట్ట కిందికి పోయి, బోరింగు కొట్టి, బిందెలు మోసుకొచ్చింది. అది చూస్తూనే మియా పనికి పోయాడు.

"సార్ నిన్ను మోసం జేసిండు, సరే" అంది ఆమె. "నన్ను జేసింది ఎవరు?"