గుట్ట మీది బాతులు

ఆ కాలంలో మా దిక్కున అలసిపోని మనిషంటూ లేడు. పగలు ఒకరికి జవాబు చెప్పుకోవాలి, పొద్దుగూకితే మరొకరికి. రజాకార్లు పోయారని ఊపిరి పీల్చుకునేలోగా యూనియన్ మిలిటరీ వచ్చి, దొర విడిచిపోయిన గడీలో క్యాంపు పెట్టింది. అలాంటి ఊరు ఒక కార్తీకమంతా పిట్టల గురించే మాట్లాడిందంటే ఈనాటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే మానె, ఆ పిట్టల వెంట తిరిగి అరిగిన కాళ్లు నావి కాబట్టి చెప్పుకునే హక్కు నాకుంది.

మా ఊరు చిట్యాల నుంచి నార్కట్‌పల్లి పోయే తోవకు కొంచెం లోపలికి ఉంటుంది. భువనగిరి బడిలో నాలుగు ఉర్దూ ముక్కలు నేర్చుకున్న పాపానికి, మీసాలు సరిగా రాని నన్ను క్యాంపులో దుబాసీగా పెట్టుకున్నారు. (ఉద్యోగం అనుకునేరు. రమ్మన్నప్పుడు పోవడం, పొమ్మన్నప్పుడు రావడం, అంతే.) అక్కడి కప్తాను ఉత్తరాది మనిషి, ఎక్కడో చలికొండల కింద పెద్ద చెరువు ఒడ్డున పుట్టినవాడు. మెడలో ఎప్పుడూ దుర్భిణి వేలాడుతుండేది కాబట్టి ఊరు ఆయనను దుర్భిణి సాబ్ అని పిలుచుకునేది. పొద్దున్నే చెరువుకట్ట ఎక్కి అదేపనిగా నీళ్ల మీదికి చూసేవాడు. చలి మొదలవగానే తన ఊరి చెరువు మీదుగా దక్షిణానికి పోయే బాతులు కొన్ని ఉంటాయట, చాలా అరుదైనవట, అవి ఇక్కడ దిగుతాయేమోనని ఆయన ఆశ.

ఆ మాట నేను ఊళ్లో చెబితే అందరూ నన్ను జాలిగా చూశారు. పిట్టల కోసం దుర్భిణి ఎవడు పెట్టుకుంటాడు, మనుషుల కోసమేనని తేల్చేశారు. వాళ్ల భయం ఉత్త భయం కాదు. చెరువు అవతలి ఒడ్డున, మనిషి ఎత్తు పెరిగిన జమ్ముగడ్డిలో మా బావ దాక్కుని ఉన్నాడు. కమ్యూనిస్టు దళంలో తిరిగినవాడు. అలాంటివాళ్లు పట్టుబడితే తిరిగి రావడం మేమెవరం చూడలేదు. ఇంట్లో అతని భార్య, మా అక్క, నిండు నెలలతో ఉంది. మా అవ్వ గడ్డికి పోయినట్టు పోయి, గంప అడుగున జొన్నరొట్టె పెట్టుకుని అతనికి ఇచ్చి వచ్చేది.

అందుకని ఊరి పెద్దలంతా కూడబలుక్కుని ఒక ఉపాయం పన్నారు. సాబ్ పిట్టలే కావాలంటున్నాడు కదా, ఇద్దాం. కాకపోతే జమ్ముకు సరిగ్గా ఎదురు దిక్కున, బోడగుట్ట మీద ఇద్దాం. మరునాటి నుంచి గడీ ముందు సాక్షులు వరుస కట్టారు. గొర్లు కాసే మామ మిరపపండు రంగు తోక ఉన్న కొంగను చూశాడు. కల్లు గీసే చిన్నాయన చూసిన పిట్ట మేకంత ఉండి దగ్గుతుందట. మగ్గం నేసే కాకయ్య రెండు తలల బాతును చూశానని ఒట్టు పెట్టుకున్నాడు. (ఇది ముదురుతోందని ఉర్దూలోకి మార్చేటప్పుడు ఒక తల నేనే తీసేశాను.) సాబ్ ప్రతిదీ శ్రద్ధగా విని, దుర్భిణి తుడుచుకుని, గుట్ట ఎక్కేవాడు. వెనకాల నేను. చుక్క నీరు లేని ఆ బండల మీద ఉడుము తప్ప మరేదీ కనిపించేది కాదు. మీ దేశంలో బాతులు గుట్టల మీద బతుకుతాయా అని ఆయన ఒకసారి నెమ్మదిగా అడిగాడు, అలవాటు పడ్డాయి సాబ్ అన్నాను. అబద్ధం ఊరిది, నడక నాది. సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు చాపితే అక్క వేన్నీళ్లు పోసేది. నా ముఖం చూసి, బావ ఇంకా దొరకలేదని తెలుసుకుని, వంటింట్లోకి పోయేది.

ఇంతా చేసి, ఈ ఉపాయం మా అవ్వకు చెప్పడం అందరూ మరిచిపోయారు. ఒకనాటి పొద్దున కట్ట మీద ఖాళీ గంపతో ఎదురైంది. కొత్త పిట్టలేమైనా చూశావా అని సాబ్ అడిగించాడు. అవ్వకు అబద్ధం రాదు, పిట్ట గురించి అబద్ధం చెప్పవలసి వస్తుందని తోచనైనా తోచదు. ఉన్నాయంది. బూడిద రంగు బాతులు, తెల్లటి నెత్తి, అని తన తల వెనక వేలితో రెండు అడ్డగీతలు గీసి చూపింది. నేను నోరు తెరవకముందే సాబ్ కళ్లు మెరిశాయి. ఎక్కడ అన్నాడు. నేను తెలుగులో, గుట్ట దిక్కు చెయ్యి చూపు అవ్వా అన్నాను.

"గుట్ట మీద బాతులెందుకుంటయ్‌రా? నీకేమన్న పిచ్చి లేసిందా?" అని అవ్వ తిన్నగా జమ్ము వైపు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తను ఏం చూపిస్తోందో అప్పుడు తెలిసింది ఆమెకు.

బూట్ల చప్పుడుకు పిట్టలు బెదురుతాయని వెంట వచ్చిన జవాన్లను తూము దగ్గరే ఆపి, సాబ్ నన్ను తీసుకుని ఒడ్డు వెంట వంగి నడిచాడు. జమ్ము దగ్గర పడుతుండగా వెనక నుంచి అవ్వ, బర్రె తప్పిపోయినట్టు కేకలు మొదలుపెట్టింది. (బర్రె కొట్టంలోనే ఉంది. ఆమె పిలుస్తున్న పేరు కూడా బర్రెది కాదు, మా అక్కది.) సాబ్ విలవిలలాడిపోయి, ఆ ముసలామెను నోరు మూసుకోమని చెప్పు, బాతులు లేచిపోతాయి అన్నాడు. నేను వెనక్కి తిరిగి, దుబాసీగా నా విధి నిర్వర్తించాను.

"అవ్వా, ఇంక జర గట్టిగ పిలువుమంటుండు సాబ్."

అవ్వ పిలిచిన పిలుపుకు చెరువు చెరువంతా లేచింది. బూడిద రెక్కలు మా నెత్తి మీదుగా పోయాయి, తలల మీద ఆ రెండు నల్లగీతలు కనిపించేంత కిందుగా. సాబ్ దుర్భిణి ఎత్తడం కూడా మరిచి చూస్తూ నిలబడ్డాడు. ఈపాటికి మా అమ్మ వీటిని చూసే ఉంటుంది అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. ఆ తరువాత జమ్ము పక్కకు తొలగించి చూశాడు. నలిగిన గడ్డి, సగం కొరికిన జొన్నరొట్టె. దాన్ని కాసేపు చూసి, ఎవరో పిట్టలకు మేత వేస్తున్నారు, మంచిది, అని వెనక్కి మళ్లాడు. తెలిసి అన్నాడో తెలియకనో, నేను అడగలేదు. ఆ మరునాటి నుంచి గుట్ట ఎక్కలేదు.

బావ బతికాడు, ముసలివాడయ్యాడు, మనవలను ఎత్తుకున్నాడు, పోయాడు. ఆ బాతుల గోలకు కంటి మీద కునుకు ఉండేది కాదని తిట్టడమే తప్ప ఒక్కదాన్నీ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇప్పటికీ కార్తీకంలో అవి వచ్చాయని ఎవరైనా చెబితే కట్ట మీదికి పోతాను. తీరా అవి లేచినప్పుడు నా చూపు మాత్రం జమ్ము మీదికే పోతుంది, అందులోంచి ఎవరైనా క్షేమంగా బయటపడుతున్నారేమోనని. ఎవరూ ఉండరు. ఓరి వెర్రివాడా, ఇక పైకి చూడరా అని నన్ను నేను మందలించుకుని తలెత్తేసరికి బాతులు చాలా దూరం వెళ్లిపోయి ఉంటాయి.