ఎర్రగుడ్డ మీంచి కన్ను తీసిన రోజు

అమెరికా పడమటి సీమలో వయోమింగ్ టెరిటరీ పటాలు గీసే బృందంలో ఎఫ్రాయిమ్ టటిల్ పని చక్రం చూడడం. సర్వే బండి వెనక చక్రానికి ఎర్రగుడ్డ కట్టేవారు. అది పైకి వచ్చినప్పుడల్లా, పక్కన గుర్రం మీద వచ్చే టటిల్ ఒక చుట్టు లెక్కేసుకోవాలి. సాయంత్రం ఆ చుట్లను పటం గీసే వాడ్‌లీ మైళ్లుగా మార్చి కాగితం మీద దారి గీసేవాడు. బండి కదులుతుండగా టటిల్ పదకొండేళ్లుగా ఎవరితోనూ మాట్లాడలేదు. మెడ మీద కందిరీగ కుట్టినప్పుడు కూడా "రెండువేల పదకొండు" అనే అరిచాడని బండివాళ్లు చెప్పుకునేవారు.

ఆ చలికాలం అతను బాటసారులకు తిండీ బసా ఇస్తూ డ్రసిల్లా హ్యాంక్స్ నడిపే మజిలీలో గడిపాడు. ఆమె భర్త పోయి నాలుగేళ్లు. పెళ్లి మాట ఆమే ఎత్తింది. టటిల్ "ఆలోచించి చెబుతా" అని మూడు నెలలు నాన్చాడు.

మే నెలలో సర్వే బండి ఆ మజిలీ ముందుకొచ్చేసరికి డ్రసిల్లా పిండి చేతులతోనే దారికి అడ్డంగా వచ్చింది.

"ఏమయ్యా, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నావా? కమ్మరి జేబెజ్ కూడా అడుగుతున్నాడు. ఈ పూట అతనికి ఏదో ఒకటి చెప్పాలి."

టటిల్ పెదవులు మాత్రం కదిలాయి. మూడువేల ఎనిమిది వందల నాలుగు. ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"పొమ్మంటున్నావా?"

"లెక్కలో ఉన్నాడమ్మా, సాయంత్రం రా!" అన్నాడు బండివాడు.

"సాయంత్రానికి నేను జేబెజ్ పెళ్లాన్ని బాబూ!"

"టటిల్! లెక్క తప్పావో, పొద్దుటి దారంతా మళ్లీ తోలాలి!" బండిలోంచి వాడ్‌లీ కేకేశాడు.

ఐదు. ఆరు. డ్రసిల్లా వెనుదిరిగి నడిచింది. గుడ్డ మళ్లీ పైకొచ్చింది. టటిల్ దాన్ని చూడలేదు.

"నిన్నే చేసుకుంటా డ్రసిల్లా! జేబెజ్‌ని పొమ్మను!"

బండి ఆగింది.

"ఎంత దాకా వచ్చావు?" అన్నాడు వాడ్‌లీ.

"తెలీదండీ."

"నాలుగువేలు వేసుకోండి, ఏం పోయింది? లోపలికి రండి, జింక మాంసం ఉడుకుతోంది" అంది డ్రసిల్లా.

వాడ్‌లీ వంటింటి వైపు ముక్కు తిప్పి వాసన పీల్చి, నాలుగువేలని రాసుకున్నాడు. దారిలో కాస్త ముందున్న వాగును నిరుడే సరిగ్గా కొలిచి గీశాడు గనక, దాదాపు రెండువందల చుట్లు ముందుకు జరిగిన మజిలీ అచ్చయిన పటంలో వాగు నడిమధ్యన పడింది.

ఆ పటాన్ని దంపతులు భోజనాల గదిలో వేలాడదీశారు. "ఇదేమిటమ్మా, మీ ఇల్లు నీళ్లలో ఉంది?" అని బాటసారులు అడిగేవారు.

"ఆ రోజు మా ఆయన నోరు విప్పాడు లెండి" అనేది డ్రసిల్లా, కూర వడ్డిస్తూ.