పత్తి గోదాములో గిటారు

మద్రాసులో ఒక హోటల్లో రాక్ సంగీతం వాయించే బ్యాండుకు గిటారు మనిషి కావాలని, వాయించింది టేపు మీద పంపమని కబురొచ్చింది. నా దగ్గర గిటారు ఉంది, టేపు రికార్డరు లేదు. జమ్మలమడుగు చర్చిలో పాటలకు వాయిస్తూ నేర్చుకున్న గిటారు అది. ప్రొద్దుటూరులో మైకుసెట్లు బాడుగకిచ్చే నా స్నేహితుడు అయస్కాంతం మీద సన్నతీగ చుట్టి దాన్ని గిటారు తీగల కింద బిగించాడు. పాత రేడియోల వాల్వులతో, స్పీకరుతో ఆంప్లిఫయరు పెట్టె కూడా అతనే కట్టాడు.

రికార్డరు పులివెందులలో ఒక పెద్దరైతు ఇంట్లో ఉండేది. మాకు డ్రమ్ములు వాయించే మా బావది ఆ ఊరే. రైతును బతిమాలి ఒక్కరోజుకు తెచ్చాడు. పొద్దు మునిగేలోపల తిరిగి ఇచ్చేయాలి. ఆ రాత్రి ఊర్లో హరికథ ఉంది, రైతు దాన్ని రికార్డు చేసుకోవాలి. టేపు చుట్ట కూడా ఆయనదే, వేరొకటి ఎక్కడా దొరకలేదు. మనది బాగా వస్తే చుట్ట ఇమ్మని అడుగుదాం, లేకుంటే హరికథ కింద చెరిగిపోతుంది అన్నాడు బావ.

మొదట స్నేహితుని కొట్టులోనే వాయించాం. నా చెవికి గంభీరంగా వినిపించిన గిటారు టేపులో డబ్బాలో చిక్కుకున్న ఈగలాగా గీపెట్టింది. నా వాయింపు ఇంత అన్యాయంగా ఉంటుందా అనుకున్నాను.

"నీ తప్పేం లేదప్పా," అన్నాడు స్నేహితుడు, పైకప్పు చూపించి. "రేకులు మోగి అదంతా మైకులోకి పోతాంది."

వాళ్ళ నాయన ఒక పత్తి గోదాముకు కావలి. ఆ రోజు అక్కడ పనికి సెలవు. పత్తి బేళ్ళ మధ్య అయితే శబ్దం పోయి గోడకు తగిలి తిరిగి రాదని స్నేహితుడి ఆలోచన. పెద్దాయన మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు.

"బీడీలు, అగ్గిపెట్టెలు ఉంటే ఈడ పెట్టండి. ఆ పెట్టె కాగుతాదా?"

"కాగుతాది నాయనా. నేను పక్కనే కూర్చుంటా."

పెద్దాయన బకెట్టు నీళ్ళలో గోనెసంచి ముంచి, దాన్ని చేత్తో పట్టుకుని మా వెనకే లోపలికి వచ్చాడు.

లోపల బేళ్ళు పైకప్పుదాకా ఉన్నాయి. మాట్లాడితే మాట నోటి దగ్గరే ఆగిపోయినట్టుండేది. ఆంప్లిఫయరు చుట్టూ నేల ఊడ్చి, బావ డ్రమ్ములను దూరంగా బేళ్ళ వెనక పెట్టాం. మైకును స్పీకరుకు నడిమధ్యన పెడితే గిటారు సూదిలా గుచ్చింది. అంచువైపు జరిపితే గొంతు మెత్తబడింది కానీ బలం లేదు.

"వాల్యూం పెంచు," అన్నాడు స్నేహితుడు. "పెట్టె అరవాల. రికార్డరు కాడ నేను తగ్గిచ్చుకుంటా."

"మిషనుకు ఏమన్నా అయితే ఆయనకు మొగం చూపించాల్సింది నేను," అన్నాడు బావ.

"మిషను ముల్లు ఎర్రగీత దాటకుండా చూస్తాండా గదా."

పెంచాను. శబ్దం అంచుల్లో చిట్లింది. తీగ మీద వేలు ఆనించి వదిలితే స్వరం చావకుండా, గొంతు బొంగురుపోయిన మనిషి పాడినట్టు సాగింది. రేడియోలో దూరదేశాల బ్యాండ్లు వాయిస్తుంటే విని, అది చేత్తో ఎట్లా పుడుతుందో తెలియక తిప్పలు పడ్డ శబ్దం అదే.

టేపు తిరగడం మొదలైంది. పాట సగంలో లక్క కాలిన వాసన వచ్చింది. మైకు ఆన్‌లో ఉంది, ఎవరూ మాట్లాడటానికి లేదు. స్నేహితుడు పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. నేను అతని మొహం చూశాను. కానీమన్నట్టు తల ఊపాడు. పెద్దాయన ఒక అడుగు ముందుకు వచ్చాడు. బేళ్ళ వెనక బావకు ఏమీ కనిపించడం లేదు, వాసన మాత్రం అందినట్టుంది, దరువు వేగమైంది. నేను అతన్ని అందుకోవడానికి గిటారును పరుగెత్తించాను. పెట్టె వెనక సన్నగా పొగ లేస్తోంది. గిటారు గొంతు ఇంకా చిక్కబడుతోంది. ఆపాలని మనసు చెప్తోంది, వేళ్ళు వినలేదు.

చివరి స్వరం సాగుతుండగా పెట్టెలో టప్పుమంది. గాలికి వచ్చి దానిపై వాలిన దూదిపింజ ఒకటి అంటుకుంది. స్నేహితుడు కాలుతున్న పెట్టెను బేళ్ళకు దూరంగా లాగి కరెంటు తీగ పీకాడు. పెద్దాయన దాని మీద తడి గోనెసంచి కప్పి, పైన వాలి అదిమిపట్టాడు. బుస్సుమని ఆవిరి లేచింది. తర్వాత టేపు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

పెద్దాయన లేచి, ఒక్కొక్క బేలు చేత్తో తడిమి చూసుకుంటూ చివరిదాకా పోయి వచ్చాడు.

"బయటికి నడవండి," అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టివుంటే బాగుండేది.

స్నేహితుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. గుడ్డ చుట్టుకుని అతనూ మాతోపాటు బస్సెక్కాడు. పులివెందుల చేరేసరికి రైతు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. వీధి చివర పందిట్లో జనం కూర్చుంటున్నారు.

"కాలిన వాసనొస్తాంది. మిషన్ని ఏం చేసినార్రా?"

"మిషనుకేం కాలేదు మామా," అన్నాడు బావ. "వినిపిస్తాం, ఒక్కసారి విను."

ఆయన వినేంతసేపూ మేము నేల చూపులు చూస్తూ నిలబడ్డాం. పాట అయిపోయింది.

"ఏందబ్బీ ఇది? చిరిగిన గొంతు మాదిరుంది," అన్నాడు నాతో.

"కావాలనే అట్ల పెట్టినాం మామా," అన్నాను.

పందిట్లోంచి ఆయన కోసం మనిషి వచ్చాడు. "ఉండ్రా," అని అతన్ని ఆపి, "ఇంకోసారి పెట్టు," అన్నాడు నాతో. రెండోసారి విన్నాక చుట్ట ఊడదీసి డబ్బాలో పెట్టి బావ చేతికిచ్చాడు. "హరిదాసు మళ్ళా ఏడాది వస్తాడులే."

టేపు పంపితే మద్రాసు వాళ్ళు నన్ను రమ్మన్నారు. రైలెక్కే ముందు గోదాము దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన కొడుకుతో సరిగ్గా మాట్లాడటం లేదని విన్నాను, నాతో మాట్లాడతాడన్న నమ్మకం లేదు. ఆయన నన్నూ, గిటారునూ చూశాడు.

"ఆ పొద్దు నాకేం వినపడలేదు," అన్నాడు. "నా కండ్లన్నీ పెట్టె మీదనే ఉండె."

గేటు బయట అరుగు మీద కూర్చుని వాయించాను. కరెంటు లేని గిటారు ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ వినిపించలేదు. ఆయన నా పక్కకు జరిగి, గిటారు దగ్గర చెవి పెట్టి విన్నాడు.